చిన్నాన్న తీసిన గరుడ పటం

మొన్న ఆదివారం పొద్దున పెసరపప్పు కడుగుతుంటే ఫోను మోగింది. తడి చేత్తో ఫోను ముట్టుకోవద్దని కూతురికి రోజూ పాఠం చెప్పే మనిషినే, నైటీకి చెయ్యి తుడుచుకుని తీశాను. ఈ మలేషియాలోనే కువాలా సెలంగోర్ దగ్గర మా పాత ఎస్టేటు రామమందిరానికి ఈ ఏడు అధ్యక్షుడైన కుర్రాడు ఒక ఫోటో పంపాడు. కుర్రాడంటే నా లెక్కలో కుర్రాడు; నెత్తిన జుట్టు పల్చబడింది, ఇద్దరు పిల్లల తండ్రి. ఒకప్పుడు అదే మందిరం వసారాలో ఆదివారాలు కూర్చోబెట్టి అతనికి ఓనమాలు దిద్దించాను. ఎంత గొప్పగా దిద్దించానంటే, ఇవాళ్టికీ తెలుగులో ఒక్క ముక్క రాయలేక గొంతు రికార్డు చేసి పంపుతాడు. ఫోటోలో సిమెంటు బస్తాల పక్కన, నేలమీద, గోడకి ఆనించి ఒక పెద్ద అద్దాల పటం ఉంది. అద్దం నిండా ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ బొట్లు, ఎండిపోయిన గంధం చారలు. వాటి వెనక, రెండు రెక్కలూ బార్లా చాపి గూటిమీద నిలబడ్డ గరుడ పక్షి.

"అక్కా, మందిరం గోడల పని ఐపోనాది. కొత్త హాల్లో గోడంతా వచ్చీలాగ గరుడస్వామి ఫోటో ఏస్తన్నాం లా. ఈ పాత పటం రంగు పోనాది. మీ సిన్నాన్న తీసినప్పటి ఒరిజినల్ మీకాడే ఉన్నాదట గదా, పంపండి. నవమి లోపల గావాల" అన్నాడు గొంతులో, ఈ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. వెనకనుంచి ఎవరో తమిళంలో ఇసుక లారీ గురించి అరుస్తున్నారు.

అబద్ధమెందుకు, మొదట పొంగిపోయాను. గోడంతా మా చిన్నాన్న ఫోటో! ఆ పొంగు పప్పు మీద నురగలాగే నిమిషంలో అణిగిపోయింది. ఎందుకంటే చిన్నాన్న బతికున్నన్నాళ్లూ ఆ పటాన్ని గోడమీంచి దింపించాలనే చూశాడు. అది దిగలేదు. ఆయన పోయాక ఇప్పుడు దిగింది, అదీ రంగు వెలిసిపోయినందుకు. దాన్ని ఇంకా పెద్దది చేసి మళ్లీ ఎక్కిస్తారట. ఎక్కించడానికి నేనే సాయం చేయాలట. పొయ్యి మీద పప్పు పెట్టడం మానేసి కుర్చీలో కూలబడ్డాను. మా కుటుంబానికి దక్కిన గౌరవాలన్నిటిలోకీ పెద్దది అదే. తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిది కూడా అదే.

చిన్నాన్న పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. క్లాంగ్ నుంచి తెలుక్ ఇంటాన్ దాకా ఈ తీరాన మన తెలుగువాళ్ల పెళ్లి ఏది జరిగినా, తమిళ సోదరుల పెళ్లిళ్లు సగం దాకా, పుస్తె కట్టే వేళకి వరుడు రాకపోయినా ఫరవాలేదుగానీ చిన్నాన్న రాకపోతే ముహూర్తం ఆగేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మండపంలో పురోహితుడి కంటే ఎక్కువగా వినపడేవాడు. "తలెత్తు తల్లీ, తలెత్తు. నేలమీద ఏటి ఎతుకుతన్నావు, మొగుడు ఇటున్నాడు" అని పెళ్లికూతుర్ని నవ్వించేవాడు. ఆయన పనితనమంతా ఒక్క సూత్రం మీద నడిచేది: మొహానికి ఏదీ అడ్డం రాకూడదు. పూలదండ గడ్డం మీదికి పాకితే తనే వెళ్లి పక్కకి లాగేవాడు. దీపం పొగ అడ్డమొస్తే దీపాన్ని జరిపించేవాడు. మేనమామ భుజం అడ్డమొస్తే మేనమామని జరిపించేవాడు. కెమెరా సంచిలో ఒక చిన్న కత్తెర ఎప్పుడూ ఉండేది, దండల్లోంచి వేలాడే దారాలు, జారిన మల్లెపూలు కత్తిరించడానికి. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆల్బం వచ్చాక అందరి మొహాలూ వెన్నెల్లా కనిపించేవి మరి.

పెళ్లిళ్లన్నీ శని ఆదివారాలే కాబట్టి మిగతా రోజులు ఆయనవి. ఆ రోజులన్నీ పిట్టలకి ఇచ్చేశాడు. ఎక్కడో సెకండ్ హ్యాండులో ఒక పొడుగు లెన్సు కొన్నాడు; మా పిన్ని దానికి 'గోంగూర రోకలి' అని పేరు పెట్టింది. ఈ దేశపు ఉక్కకి లెన్సు అద్దాల్లో బూజు పడుతుంది. అందుకని దాన్ని పాత గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాడు, తేమ బియ్యం పీల్చుకుంటుందని. పిన్ని వంటకి బియ్యం తీయాలంటే ముందు లెన్సు తీసి పక్కన పెట్టాలి. "నా సేతి అన్నం బాగోకపోతే కెమెరానడుగు, నన్నడక్కు" అనేది వచ్చినవాళ్లతో. మా ఇంట్లో ఆ రోజుల్లో తిన్న అన్నానికి నిజంగానే తోలు సంచి వాసన ఉండేదని నాకు ఇప్పటికీ అనుమానం.

నేను అప్పుడు బళ్లో టీచర్ని. సెలవులొస్తే చిన్నాన్న పాత వ్యానులో ముందు సీటు నాది. ఎస్టేటంటే మీరు కొండలూ తేయాకూ ఊహించుకోకండి. చదును నేల, కాలవలు, కంటికి ఆనినంత మేర పామాయిల్ చెట్లు, వాటికవతల వరి చేలు, ఆపైన మడ అడవి, సముద్రం. చెట్లు ముసలివై నరికేసి కొత్త మొక్కలు నాటిన చోట మాత్రం ఆకాశం విశాలంగా కనిపించేది. అక్కడే పిట్టలు. తెల్లటి చిన్న గద్ద ఒకటి గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి కింద ఎలుకల్ని వెతికేది. మా నాయనమ్మ దాన్ని అడవి రామదాసు అనేది. ఆ పేరు వాళ్ల అమ్మ శ్రీకాకుళం వైపునుంచి ఓడలో మూట కట్టుకొచ్చింది. ఎలుకల కోసమే ఎస్టేటు వాళ్లు అక్కడక్కడ స్తంభాల మీద గుడ్లగూబలకి చెక్క పెట్టెలు కట్టేవాళ్లు. వాటి కన్నాల్లోంచి తెల్ల మొహాలు మమ్మల్ని చూసి, ఇంత పొద్దున్నే వీళ్లకేం పనిలేదా అన్నట్టు కళ్లు మూసుకునేవి. ఉడుములు రోడ్డు దాటుతుంటే చిన్నాన్న వ్యాను ఆపి ఇంజను కూడా ఆపేసేవాడు, వాటికి తొందర కలగకూడదని. అంత మెత్తని మనిషి. ఆ సంగతి ముందే చెప్పి పెట్టుకోవడం నాకవసరం.

మా రామమందిరంలో రాముడున్నాడు, సీత ఉంది, లక్ష్మణుడున్నాడు, ఆంజనేయుడు సరేసరి. గరుత్మంతుడు మాత్రం లేడు. అప్పటి అధ్యక్షుడు ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన, వరసకి మాకు తాతయ్య. ఉత్సవం రోజు మందిరం పైన గరుడ పక్షి తిరిగితే స్వామి వచ్చినట్టే అని మావాళ్ల నమ్మకం. తల పైకెత్తి చెంపలు వేసుకుంటారు, గోవిందా అంటారు. ఇక్కడి ఆకాశంలో ఆ పక్షులకి కొదవలేదు. నది ఒడ్డున చేపలకోసం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఇటుకరంగు ఒళ్లు, తెల్లని తల, తెల్లని రొమ్ము, ఎండలో చూస్తే అలంకారం చేసుకొచ్చినట్టే ఉంటుంది. ఒక నవమికి ముందు తాతయ్య చిన్నాన్నని పిలిచి, "ఒరే, ఊరందరి పెళ్లాల ఫోటోలు తీసినావు. మన గుళ్లోకి గరుడస్వామిని తీసి తేలేవేటి?" అన్నాడు. అంతే. చిన్నాన్నకి తిండి సహించలేదు.

గూడు ఆయనే కనిపెట్టాడు. ఎస్టేటు రబ్బరు పండించిన కాలంలో రబ్బరు షీట్లు పొగబెట్టి ఆరబెట్టే రెండంతస్తుల పాత భవనం ఒకటి కాలవ పక్కన శిథిలంగా ఉండేది. కాలవకి అవతల ఒడ్డున పెద్ద చెట్టు, దాని పైకొమ్మల పంగలో పుల్లల గూడు. పొగ భవనం పై అంతస్తు కిటికీలో నిలబడితే గూడు సరిగ్గా కంటి ఎత్తున ఉండేది. అంత దగ్గరగా, అంత తిన్నగా గరుడ గూడు దొరకడం పెళ్లికూతురు తనంతట తానే వచ్చి కెమెరా ముందు కూర్చోవడంలాంటిది. ఒక్కటే లోపం. గూటికి పైన వంగిన ఒక గుబురు కొమ్మ, గాలి వీచినప్పుడల్లా ఊగి, పిల్ల మొహానికి అడ్డం వచ్చేది. పిల్ల ఒక్కటే. దూదిపింజలాంటి నూగు, నల్లటి గుండ్రని కళ్లు. ఆకుల మధ్యలోంచి కనిపించీ కనిపించకుండా ఉండేది.

ఆ పొద్దున తల్లీ తండ్రీ రెండూ వేటకి వెళ్లినప్పుడు చిన్నాన్న వ్యాను పైనుంచి పామాయిల్ గెలలు కోసే పొడుగు గొట్టం దింపాడు. చివర కొడవలి బిగించి ఉంటుంది. చెట్టు ఎంత ఎత్తున్నా కింద నిలబడే గెల కోయొచ్చు. ఎవరో తెలిసిన మేస్త్రి దగ్గర అడిగి తెచ్చాడు. పైకెక్కి కిటికీలోంచి చేతులు చాపి, గొట్టం కాలవ మీదుగా నెమ్మదిగా జరిపి, గూటిని పుల్లంత కూడా కదపకుండా ఆ కొమ్మని ఒక్క లాగుతో తెగ్గొట్టాడు. ఆయన చేతి పనికి నేను ముచ్చటపడ్డాను. కొమ్మ కాలవలో పడింది. గూటి మీద ఎండ పరుచుకుంది. "ఇప్పుడు సూడు, మొకం ఎలగున్నాదో" అన్నాడు, మేనమామని పక్కకి జరిపినప్పుడు అన్నట్టే.

తర్వాత కూర్చున్నాం. దోమలు, ఫ్లాస్కులో టీ, పిన్ని కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర. పొద్దెక్కేకొద్దీ కిటికీలోకీ ఎండ వచ్చింది. లెన్సు వేడెక్కకుండా, చిన్నాన్న నెత్తి మాడకుండా నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి తల్లి పక్షి కాళ్లలో చేపతో దిగింది. చేపని గూటి అంచున పెట్టింది. ఆ తర్వాత, మేము ఊపిరి బిగబట్టి చూస్తుండగా, పిల్లకి అడ్డంగా నిలబడి రెండు రెక్కలూ విప్పింది. విప్పి, అలాగే ఉంచింది. తెల్లని తల కొద్దిగా వంచి, ఇటుకరంగు రెక్కలు రెండు వైపులా చాపి, మధ్యలో కాళ్ల దగ్గర ఆ తెల్లని పిల్ల. గుడి గోడల మీద చెక్కిన గరుత్మంతుడు అచ్చం అలాగే ఉంటాడు. చిన్నాన్న కెమెరా టకటకమంటూనే ఉంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "నా కోసమే ఇప్పినాడే రెక్కలు. స్వామి నాకు పోజిచ్చినాడే" అన్నాడు. నేనూ చెంపలు వేసుకున్నాను, గొడుగు ఒక చేత్తో పట్టుకునే.

నవమికి వ్యవధి లేదని ఆ వారమే పెద్ద ప్రింటు వేయించి, టేకు ఫ్రేము కట్టించి, మందిరంలో ఎక్కించేశారు. తాతయ్య స్వయంగా హారతి ఇచ్చాడు. పసుపు, గంధం, కుంకుమ, దండ. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అద్దం మీద తమ బొట్టూ ఒకటి పెట్టి వెళ్లారు. రెక్కల కింద పిల్లని చూసి ఒకావిడ ఏడ్చింది. చిన్నాన్న ఆ రోజు పట్టు ధోవతి కట్టి, తన జీవితంలో మొదటిసారి కెమెరా లేకుండా మందిరానికి వచ్చాడు. పిన్ని ఎవరో పొగిడినప్పుడల్లా సిగ్గుపడి, "అంతా మా బియ్యం డబ్బా సలవ" అంది.

నవమి అయిన మర్నాడు సాయంత్రం చిన్నాన్న నన్ను స్టూడియోకి రమ్మన్నాడు. కంప్యూటరులో ఆ రోజు తీసినవన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. లైటు కూడా వేసుకోలేదు. ఒకటి చూపించాడు. "నీకేటి కనబడతన్నాది?" అన్నాడు. గరుడ పక్షి అన్నాను. తర్వాతది చూపించాడు, ఆ తర్వాతది. "దాని మొకం సూడకు. నీడ సూడు. నీడ ఎక్కడ పడతన్నాదో సూడు."

చూశాను. రెక్కల నీడ ప్రతి ఫోటోలోనూ పిల్ల మీదే పడుతోంది. పొద్దు కాస్త పడమటికి జరిగితే పక్షి కూడా అంతే జరిగింది. ఎప్పుడూ దాని వీపు సూర్యుడి వైపే. ముక్కు తెరిచి రొప్పుతోంది. తెచ్చిన చేప గూటి అంచున అలాగే ఎండిపోతోంది. తినిపించడానికి వంగితే నీడ తొలగిపోతుంది కదా. తెగిన కొమ్మ మొదలు ఒక మూల తెల్లగా, పచ్చిగా మెరుస్తోంది. మా నెత్తిన ఆ రోజంతా గొడుగుంది.

"పోజు కాదే అది" అన్నాడు చిన్నాన్న.

తెల్లవారగానే వెళ్లాం. పిల్ల గూటి అంచుకి మెడ వాల్చి పడి ఉంది. కాకులు అప్పటికే వచ్చి పోతున్నాయి. తల్లి పక్కనున్న పామాయిల్ మట్ట మీద కూర్చుని పసిబిడ్డ రాగం తీసినట్టు సన్నగా అరుస్తోంది. ఆ అరుపు నేను చిన్నప్పటినుంచీ విన్నదే. అంతకుముందు అది నాకు ఏడుపులా వినపడలేదు. కాలవలో మేము పడేసిన కొమ్మ ఆకులు ఎండి నీళ్లమీద తేలుతోంది. చిన్నాన్న కెమెరా తీయలేదు. "వేరే ఏదైనా జబ్బు చేసిందేమో చిన్నాన్నా, పిట్టపిల్లలు ఎన్ని చచ్చిపోవు" అన్నాను, ఆయనకోసం కొంత, నాకోసం కొంత. "ఐయ్యుండొచ్చు. కొమ్మ కొట్టింది మాత్రం నానే" అన్నాడు. వ్యానులో తిరిగి వస్తుంటే ఉడుము అడ్డం వచ్చింది. ఇంజను ఆపి, అది వెళ్లిపోయాక కూడా స్టార్టు చేయడం మరిచిపోయి కూర్చున్నాడు.

ఆ రోజే తాతయ్య దగ్గరికి వెళ్లి పటం దింపేయమన్నాడు. సంగతంతా చెప్పాడు. తాతయ్య చాలా ఓపిగ్గా విన్నాడు. వినడంలో ఆయనకి లోటు లేదు. విని, "పసుపు కుంకం పడ్డాక అది నీ ఫోటో కాదురా, స్వామి. స్వామిని దించుతావేటి? పిచ్చోడా. రెక్కలు ఇప్పడానికి ఆయనకి నీ కొడవలి గావాలేటి?" అన్నాడు. మా మందిరంలో పద్ధతి అది. పూజ జరిగిన పటం గోడ దిగదు, కాలిపోతేనో చిరిగిపోతేనో తప్ప. ఏ ఇంట్లోనైనా అంతే గదా. దేవుడి పటాన్ని ఎవరు దింపి అటక మీద పెడతారు? పద్ధతి తప్పని నేను అనలేను. ఆ పద్ధతి చేతికి చిక్కింది మాత్రం మా చిన్నాన్న.

దింపలేకపోయాడు గనక కప్పడం మొదలుపెట్టాడు. ప్రతి శనివారం పొద్దున పటానికి దండ వేసే పని తను తీసుకున్నాడు. మొదట మామూలు దండే, తెగిన కొమ్మ మొదలు కనిపించకుండా ఒక పక్కకి సర్దేవాడు. పోను పోను దండ లావెక్కింది. చామంతులు, గులాబీలు, మరువం, తులసి, మధ్యలో మళ్లీ మల్లెలు. పిల్ల కనిపించేది కాదు, తర్వాత రెక్కలు కనిపించేవి కావు, చివరికి దండ పైనుంచి ఒక ముక్కు, ఒక కన్ను. జీవితమంతా పెళ్లికూతుళ్ల మొహాల మీంచి దండలు పక్కకి లాగిన చేతులు అవి. కమిటీ మీటింగులో దాని మీద చర్చ కూడా జరిగింది. "నీ బక్తి మాకు తెల్సు గానీ, దండ సన్నం సెయ్యి. స్వామి కనబడతం లేదు" అన్నారు. ఊళ్లో ఆయన భక్తికి పేరొచ్చింది. ఇంట్లో పిన్నికీ నాకూ అన్నం మింగుడుపడేది కాదు. మందిరానికి వెళ్లినప్పుడల్లా నేను ఆ గోడ తప్పించి ఆంజనేయుడి వైపు చూస్తూ నిలబడేదాన్ని.

ఇంకో సంగతి దానంతటదే మొదలైంది. రెక్కల కింద పిల్ల ఉంది కదా, ఎస్టేటు వాళ్లు, టౌనుకి మారిపోయినవాళ్లు కూడా, పుట్టిన బిడ్డని మొదటిసారి బయటికి తెచ్చినప్పుడు ఆ పటం ముందు ఎత్తి పట్టడం మొదలుపెట్టారు, స్వామి రెక్కల నీడ పడాలని. ఒక ఏడు నవమి రోజున మా అన్న కూతురు తన బిడ్డని తెచ్చింది. అందరి ఎదుటా చిన్నాన్న చేతికే ఇచ్చి, "తాతా, నువ్వే ఎత్తు. నువ్వు తీసిన స్వామి గదా" అంది. ఆయన ఎత్తాడు. లావు దండ వెనక ఏముందో ఆ హాల్లో తాతయ్య కాక తెలిసినవాళ్లం ముగ్గురం. ఎత్తినవాడు ఎంతకీ దించకపోతే పిన్ని ముందుకెళ్లి బిడ్డని అందుకుంది. ఆ హాల్లో ఆ బిడ్డ ఒక్కటే నవ్వుతోంది.

అదే రోజు ఆయనకి శాలువా కప్పారు. మైకు ఇచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. చిన్నాన్న శాలువా తీసి మడతపెట్టి బల్లమీద పెట్టాడు. వెళ్లి పటం మీది దండ తీసేశాడు. అప్పుడు అన్నాడు: "ఇది పోజు కాదు. గూటి మీద కొమ్మ అడ్డమున్నాదని నాను కొట్టీసినాను. ఎండ పడిపోనాది. ఆ తల్లి బిడ్డకి నీడ పట్టినాది. ఎంతసేపని పడతాది? ఆ పిల్ల సచ్చిపోనాది. మీరు నాకు శాలువా కప్పకండి. ఈ పటానికి దండం పెట్టకండి."

నా లోపల ఎక్కడో ఒక తేలిక. చెప్పేశాడు, ఇక దిగుతుంది అనుకున్నాను. తాతయ్య కర్ర ఊతంగా లేచి మైకు తీసుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "సూసినారా?" అన్నాడు. "ఇంత పని సేసినోడు, ఎంత తగ్గి మాట్లాడతన్నాడో సూసినారా? అందుకే స్వామి ఈడికి కనబడినాడు." చప్పట్లు మోగిపోయాయి. ఎవరో గోవిందా అన్నారు, అందరూ అందుకున్నారు. శాలువా మళ్లీ కప్పారు. చిన్నాన్న ఆ చప్పట్ల మధ్య, తప్పిపోయిన పిల్లాడిలా మా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. తర్వాత ఎవరో దండ తీసుకెళ్లి పటానికి మళ్లీ వేశారు, సన్నగా, అందంగా, స్వామి బాగా కనిపించేలా. ఆ తర్వాత ఆయన శనివారాలు మానేశాడు. నవమికి వచ్చినా వెనక, చెప్పులు విడిచేచోట నిలబడి వెళ్లిపోయేవాడు. పెళ్లిళ్లలో మాట తగ్గింది. ఆల్బంలలో అక్కడక్కడ మొహాల మీదికి దండలు రావడం మొదలైంది. అడిగితే "ఉండనీండి లా, అది అక్కడే బాగున్నాది" అనేవాడు.

గూళ్ల జోలికి మాత్రం మళ్లీ ఒక్కసారే వెళ్లాడు. కొన్ని వానాకాలాలు గడిచాక ఆ చెట్టుకి కొమ్మ మళ్లీ వేసి గుబురుగా కమ్ముకుంది. పొగ భవనం ఎక్కకుండా, దూరంగా కాలవ గట్టు మీదనుంచి ఒకే ఒక్క ఫోటో తీశాడు. అందులో ఆకులు తప్ప ఏమీ లేవు. ఆకులు, ఆకుల వెనక ఇంకా ఆకులు. దాన్ని చిన్న ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లు, "ఏటి మావా, పిట్ట ఏదీ?" అనేవాళ్లు. "లోపలున్నాది" అనేవాడు. పిన్నికి ఆ జవాబు చాలా ఇష్టం. ఆయన కిందటేడు పోయినప్పుడు హార్డ్ డిస్కుతో పాటు ఆ చిన్న పటం కూడా పిన్ని నాకే ఇచ్చింది. సైబర్‌జయలో మా ఫ్లాటు హాల్లో అదే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను అధ్యక్షుడికి ఫోను చేశాను. మొదటినుంచీ చెప్పాను. చప్పట్ల సంగతి కూడా చెప్పాను. అప్పుడు అతను కాలేజీ కుర్రాడు, ఆ చప్పట్లలో అతనివీ ఉన్నాయి. "అక్కా, నిజమా?" అన్నాడు. "అప్పటికి నాకు తెలుగు ఇంత రాదు లా, అర్థం అవలేదు. తెలుగు స్పీచ్ గదా, అందరూ సప్పట్లు కొట్టినారని నేనూ కొట్టినాను." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓనమాలు దిద్దించింది నేనే కదా. ఒరిజినల్ ఇవ్వనని చెప్పాను. ఆకుల ఫోటో పంపాను. "ఇందులో స్వామి ఎక్కడున్నాడక్కా?" అన్నాడు. "లోపలున్నాడు" అన్నాను. "కమిటీని అడగాల. ఆడాళ్లకి రెక్కలే గావాల" అన్నాడు పాపం, నిజాయితీగా. రెండు రోజులకి గొంతు పంపాడు. ఆకులు ఎవరికీ నచ్చలేదట. గోడ మీద ఆర్టిస్టు చేత గరుడస్వామిని రంగులతో వేయిస్తారట. పాత పటం కావాలంటే నేను తీసుకెళ్లొచ్చట. కొత్త హాల్లో దానికి చోటు లేదు, పారేయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

కారు వెనక సీటులో పాత చీరలో చుట్టి తెచ్చాను. పిన్ని తోడొచ్చింది. దారిలో ఆవిడ మాట్లాడిందల్లా ఒక్కటే: "ఆయన దించమన్నప్పుడు దించలేదు. సున్నం ఏయాలంటే దించీసినారు." ఇంటికొచ్చాక తడిగుడ్డతో అద్దం తుడిచాను. కుంకుమ కారి, నా చేతులు ఎర్రబడ్డాయి. ఎవరెవరి బొట్లో అవి, ఎవరెవరి బిడ్డలకోసమో. ఒక్కో పొరా పోయేకొద్దీ ముందు రెక్కలు బయటపడ్డాయి, తర్వాత తెరిచిన ముక్కు, తర్వాత మూలన తెగిన కొమ్మ, చివరికి పిల్ల. అది బతికే ఉంది అందులో. తల్లి కాళ్లమధ్య ముడుచుకుని తిన్నగా ఆనాటి మా పొగ భవనం కిటికీ వైపు చూస్తోంది. రంగు వెలిసిందన్నారుగానీ ఎండ ఏమీ వెలవలేదు.

దేవుడి గూట్లో పెట్టలేను. గోడకి కొట్టలేను. పడకగదిలో బీరువా పక్కన ఆనించి పెట్టాను. మధ్యాహ్నమయ్యేసరికి ఆ గదిలోకి పడమటి ఎండ వస్తుంది. వెళ్లి కర్టెను లాగేస్తాను. మా అమ్మాయి చూసి నవ్వుకుంటుంది, ఈవిడకి చాదస్తం మొదలైందని. కావచ్చు. కొమ్మ మళ్లీ వేసింది, తాతయ్య పోయాడు, చిన్నాన్న పోయాడు, ఆ రోజు ఎత్తిన బిడ్డ బడికి వెళ్తోంది. ఆ పటంలో మాత్రం ఇంకా అదే మిట్టమధ్యాహ్నం. ఆ తల్లి ఇంకా రెక్కలు దించలేదు.